గొలుసులో నిలవని అయస్కాంత క్రమం ఒకే పొరలో ఎలా నిలుస్తుంది?

కిటుకంతా ఎంట్రోపీలో, అంటే అమరికలు ఎన్ని రకాలుగా సాధ్యమో చెప్పే కొలతలో ఉంది. పైకో కిందికో మాత్రమే తిరిగే స్పిన్‌ల (పరమాణువుల చిట్టి అయస్కాంతాల) గొలుసు తీసుకోండి: పైకి, పైకి, పైకి, కిందికి, కిందికి. దిశ మారిన చోట తెగిన జత ఒక్కటే, దానికయ్యే శక్తి ఎప్పుడూ అంతే. తెగడానికి చోట్లు మాత్రం గొలుసు పొడవుతో పెరుగుతూనే ఉంటాయి. అందుకే సున్నా కెల్విన్ దాటితే చాలు, ఎంట్రోపీ గెలిచి క్రమం చెదిరిపోతుంది.

పొరలో తిరగబడ్డ స్పిన్‌ల గుంపు చుట్టూ సరిహద్దు గీత ఉంటుంది. గీత పెరిగితే శక్తి ఖర్చూ పెరుగుతుంది, కాబట్టి తక్కువ ఉష్ణోగ్రతలో క్రమం నిలుస్తుంది. చతురస్ర జాలకానికి (స్పిన్‌లు చదరపు గళ్లలా అమరిన పొరకు) దీన్ని 1944లో శాస్త్రవేత్త ఆన్సాగర్ కచ్చితంగా లెక్కగట్టారు. క్రమం చెదిరే సంధి ఉష్ణోగ్రత దగ్గర విశిష్టోష్ణం (ఒక డిగ్రీ వేడెక్కడానికి కావలసిన ఉష్ణం) లాగరిథమ్ వేగంతో, అంటే చాలా నెమ్మదిగా, అనంతానికి పోతుంది. నాకు ఇప్పటికీ అబ్బురమనిపించే ఫలితం అది.

క్రోమియం ట్రైఅయొడైడ్ అనే అయస్కాంత స్ఫటికపు ఒంటిపొర సుమారు 45 కెల్విన్ వరకు అయస్కాంతంగా ఉంటుందని 2017లో చూపారు. మందపాటి స్ఫటికంలో ఆ హద్దు 61 కెల్విన్. స్పిన్‌లు పొరకు లంబంగా, అంటే పైకో కిందికో ఉండటానికే మొగ్గుతాయి కాబట్టే ఇది సాధ్యం.