బుజ్జీకి, రైలెక్కే ముందు

బెంగళూరు,
16 జనవరి 2025, ముక్కనుమ.

బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. అరిసెల పాకం ఎలా కుదిరిందో, పక్కింటివాళ్ళ ముగ్గు ఎంత పెద్దదో అన్నీ చెప్పి, చివర్లో గొంతు తగ్గించి, "ఇది అహ్మదాబాద్ వెళ్తానంటోందిరా, ఏదో పాటల ప్రోగ్రామ్‌కి. నీ మాటైతే వింటుంది, నువ్వు చెప్పు" అంది. వద్దని చెప్పమని అక్క ఉద్దేశం. నేను వద్దనను. ఆ కోల్డ్‌ప్లే అనే ఇంగ్లీషు పాటల బ్యాండే 2016 నవంబరులో ముంబయి వచ్చినప్పుడు నువ్వు టెన్త్. వెళ్తానని ఏడిస్తే ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు, నేనూ పట్టించుకోలేదు. ఇప్పుడు నీ జీతంతో టికెట్ కొనుక్కుని, ఫ్రెండ్‌ని వెంటబెట్టుకుని, 25 శనివారం ప్రోగ్రామ్, మర్నాడు ఆదివారం అని సెలవులు చూసుకుని వెళ్తున్నావు. ఫోన్ పెట్టేశాక మీ అత్తయ్యకి రెండుసార్లు చెప్పాను, మా బుజ్జి వెళ్తోందని. ఆ తర్వాత మాత్రం నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం. వాట్సాప్‌లో పెడితే పైపైన చదివి ఒక బొమ్మ పెట్టేస్తావు.

రైలు సంగతి. నవజీవన్‌కి బుక్ చేసుకున్నావట, మంచి పని చేశావు. బెజవాడలో సాయంత్రం ఎక్కితే మర్నాడు సాయంత్రానికి గానీ అహ్మదాబాద్ రాదు. తెల్లారేసరికి మహారాష్ట్రలో ఉంటారు, ఆ తర్వాత సూరత్, వడోదర. సూరత్ దాకా బండి నిండా మనవాళ్ళే ఉంటారు. వరంగల్, కరీంనగర్ వైపు నుంచి నేతపనికి వెళ్ళి అక్కడే స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి, పండక్కి వచ్చి తిరిగి వెళ్తుంటారు. భయపడాల్సిన ప్రయాణం కాదు. నీ ఫ్రెండ్ వరంగల్‌లో ఎక్కుతుందని మీ అమ్మ చెప్పింది. ఆ అమ్మాయి ఎక్కేదాకా నిద్రపోకు. తలుపు దగ్గరికెళ్ళి సామాను అందుకో.

దుప్పటి, స్వెట్టర్ పెట్టుకో. జనవరిలో అక్కడ రాత్రిళ్ళు మన బెజవాడలా ఉండవు, బాగా చలి.

టికెట్లు వాటిని అమ్మే కంపెనీ ద్వారానే వచ్చినవేనా, ఎవరి దగ్గరైనా చేతులు మారి వచ్చినవా? రెండోదైతే ఇవాళే సరిచూసుకో.

స్టేడియంకి కారులో వెళ్ళొద్దు. అది లక్షా 32 వేల మంది పట్టే స్టేడియం. అంతమంది ఒకేసారి బయటికొస్తే క్యాబ్ అన్న మాటే మరిచిపోవాలి. మెట్రో ఉంది. మీరు దిగే స్టేషన్ కాలుపూర్‌లో, అక్కడే మెట్రో ఎక్కితే ఓల్డ్ హైకోర్ట్ దగ్గర బండి మారాలి, చివరికి మొతేరా స్టేడియం స్టేషన్‌లో దిగాలి. రూమ్ కూడా ఆ లైన్ మీద నడిచి వెళ్ళే దూరంలోనే తీసుకోండి. తిరుగు టికెట్ వెళ్ళేటప్పుడే తీసి పెట్టుకోండి. చివరి మెట్రో ఎన్నింటికో ఆ రోజు పొద్దున మళ్ళీ చూసుకోండి.

ఆటో, క్యాబ్ తప్ప రెంటుకి స్కూటీ తీసుకుంటే ఊరుకోను. అక్కడ ఉత్తరాయణ్ అంటే మన సంక్రాంతి, ఊరు ఊరంతా గాలిపటాలే. పండగ అయిపోయాక కూడా మాంజా దారాలు స్తంభాలకీ చెట్లకీ వేలాడుతుంటాయి. మెడకి తగిలితే కోసేస్తుంది. ఈ ఒక్క విషయంలో నాతో వాదించకు.

ఇక అసలు భయం. దాచుకోకుండా చెప్తాను. డిసెంబరు 4న హైదరాబాద్‌లో సినిమా చూద్దామని పిల్లల్ని తీసుకుని వెళ్ళిన తల్లి థియేటర్ దగ్గర తొక్కిసలాటలో పోయింది. మొన్న 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం నిలబడ్డ ఆరుగురు పోయారు. వాళ్ళెవరూ ప్రమాదంలోకి వెళ్తున్నామని అనుకుని బయల్దేరలేదు. మీ అమ్మ ఫోన్ చేసిన దగ్గర్నుంచీ ఆ ఫొటోలే కళ్ళముందు తిరుగుతున్నాయి. మీవి నిలబడే టికెట్లు అని తెలిశాక మరీను. 2004 పుష్కరాల్లో నిన్ను భుజాల మీద కూర్చోబెట్టుకుని ఘాట్ మెట్లు దిగాను. వెనకనుంచి జనం ఒక్కసారి తోసేసరికి నా జుట్టు రెండు పిడికిళ్ళతో పట్టుకున్నావు. నీకు మూడేళ్ళు. ఏడవలేదు. ఆ పిడికిళ్ళు నాకు ఇప్పటికీ గుర్తు. ఇప్పుడు నిన్ను భుజాల మీద మోయలేను కాబట్టి ఈ నాలుగు మాటలు బుర్రలో పెట్టుకో.

లోపలికి వెళ్ళగానే బయటికి వెళ్ళే దారులు రెండు చూసి పెట్టుకో, వచ్చిన దారి కాక ఇంకొకటి. స్టేజీ ముందు కటకటాలకి ఆనుకుని నిలబడకండి, వెనక్కి రావడానికి చోటుండదు. జనం ఒత్తుకొస్తున్నారనిపిస్తే రెండు చేతులూ మడిచి గుండెల ముందు అడ్డం పెట్టుకో, ఊపిరాడ్డానికి ఆ జానెడు చోటు కావాలి. ఎదురు తోయకు. తోపు ఒక్క క్షణం తగ్గుతుంది చూడు, అప్పుడు ఏటవాలుగా పక్కకి రెండడుగులు, మళ్ళీ తగ్గినప్పుడు ఇంకో రెండడుగులు. కింద ఏది పడినా వంగొద్దు. ఫోనైనా సరే, పోతే పోనీ. నేను కొనిస్తాను.

బాత్రూమ్‌కి వెళ్ళాల్సి వస్తుందని ఆడపిల్లలు పొద్దున్నుంచీ నీళ్ళు తాగడం మానేస్తారని మీ అత్తయ్య రాయమంది. మానకండి. తిని వెళ్ళండి.

ఇప్పుడు చెప్పబోయేది మీ అమ్మకి కూడా తెలీదు.

2007 మార్చి 17, ఉగాది ముందరి శనివారం. ఐరన్ మెయిడెన్ అనే ఇంగ్లీషు రాక్ బ్యాండ్ మొట్టమొదటిసారి మన దేశానికి వచ్చింది, బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కి. అప్పుడు నేనూ నా ఫ్రెండూ మడివాళలో ఒక గదిలో ఉండేవాళ్ళం. ఇద్దరం ఒకే కాలేజీ. నిజానికి ఆ బ్యాండ్ పిచ్చి వాడిది. ఇంటర్ రోజుల్లో ఎవరి దగ్గరో అడిగి క్యాసెట్ల మీదికి ఎక్కించుకుని, అట్టల మీద పాటల పేర్లు ఎర్ర ఇంకుతో రాసుకునేవాడు. ఆ బ్యాండ్ గుర్తుగా వేసే దెయ్యం బొమ్మ, ఎడ్డీ, వాడి రికార్డు పుస్తకాల వెనక అట్ట మీద కూడా ఉండేది. నాకు వాటిని పరిచయం చేసింది వాడే. టికెట్లకి లైన్లో నిలబడింది కూడా వాడే, నాకు ఆ రోజు ఆఫీసు. ఊరెళ్ళే బస్సు మర్నాడు రాత్రికి. సరిగ్గా మీకులాగే, సెలవులు కలిసొచ్చిన వారం.

మధ్యాహ్నం నుంచీ ఎండలో నిలబడ్డాం. వాడికి రెండు రోజులుగా ఒళ్ళు వెచ్చగా ఉంది. వద్దులేరా అంటే చచ్చినా వస్తానన్నాడు. వాడి జీన్స్ జేబు చిరిగి ఉంటే పర్సు, ఫోను, గది తాళం తీసి నాకిచ్చాడు. నా నడుముకి కట్టుకున్న చిన్న సంచీలో పెట్టుకుని జిప్ వేసుకున్నాను. ముందు మన ఢిల్లీ బ్యాండ్ పరిక్రమ వాయించింది. చీకటి పడింది. మెయిడెన్ వచ్చింది. ఆ నేల అదిరిన సంగతి నీకు మాటల్లో చెప్పలేను, 25న నీకే తెలుస్తుంది.

కొంచెం సేపటికి వాడు నా చెయ్యి పట్టుకుని, "కళ్ళు తిరుగుతున్నాయిరా, కాసేపు వెనక్కెళ్ళి కూర్చుందాం" అన్నాడు. అప్పటికి ఎంతో కష్టపడి ముందుకి వచ్చి ఉన్నాం. స్టేజీ మీద వాళ్ళ చెమట కూడా కనిపిస్తోంది. నేనన్నాను, "నువ్వెళ్ళి ఆ స్తంభం దగ్గర కూర్చో, రెండు పాటలు చూసి వచ్చేస్తా." వాడు ఏమీ అనలేదు. తలూపి వెళ్ళాడు. వాడి చొక్కా వీపు మొత్తం తడిసిపోయి ఉంది. జనంలో కలిసిపోయేదాకా కూడా నేను చూడలేదు, అప్పటికే మొహం స్టేజీ వైపు తిప్పేశాను.

రెండు పాటలు అయ్యాయి. ఇంకొక్కటి అనుకున్నాను. షో మొత్తం అయిపోయింది.

లైట్లు వేశాక వెళ్ళి చూస్తే ఒకటి కాదు, అలాంటి స్తంభాలు ఎన్నో ఉన్నాయి. వాడికి ఫోన్ చేద్దామని నంబరు నొక్కితే నా నడుము దగ్గరే మోగింది, బుజ్జీ. అప్పుడు గుర్తొచ్చింది, వాడి దగ్గర పది రూపాయలు కూడా లేవని. గంటన్నర తిరిగాను. ఫస్ట్ ఎయిడ్ టెంట్‌లో అడిగాను, పోలీసుల్ని అడిగాను, గేటు బయట పడుకున్నవాళ్ళ మొహాలు వంగి వంగి చూశాను. చేసేది లేక ఆటోలో గదికి వెళ్ళాను. మేడమెట్ల మీద కూర్చుని ఉన్నాడు. తాళం నా దగ్గర కదా. ఆ జ్వరంతో పది కిలోమీటర్ల పైనే నడిచి వచ్చాడు. బూట్లు విప్పి పక్కన పెట్టుకున్నాడు, మడమ దగ్గర సాక్సుకి రక్తం అంటుకుని ఎండిపోయి ఉంది. నన్ను చూసి తిడతాడనుకున్నాను. "చివర్లో ఏమేం పాడార్రా?" అని అడిగాడు.

ఆ ప్రశ్నకి నేను జవాబు చెప్పాను. ఒక్కొక్కటీ వరసగా చెప్పాను. క్షమించమని మాత్రం అడగలేదు. అప్పుడు అడిగి ఉంటే సరిపోయేది. ఉగాదికి కలిసే ఊరెళ్ళాం, కలిసే వచ్చాం, మామూలుగానే ఉన్నాడు. రెండు నెలల తర్వాత ఆఫీసుకి దగ్గరని వేరే గది చూసుకున్నాడు. ఆ తర్వాత పెళ్ళి శుభలేఖ వచ్చింది. ఆ తర్వాత డల్లాస్ వెళ్ళాడని ఎవరో చెప్పారు. గొడవంటూ ఎప్పుడూ జరగలేదు. జరిగినా బాగుండేది.

అందుకని చెప్తున్నాను. మీ ఇద్దరి పర్సులు, ఫోన్లు, గుర్తింపు కార్డులు ఎవరివి వాళ్ళ దగ్గరే ఉండాలి. తన ఇంటి నంబరు నువ్వు, మన ఇంటి నంబరు తను, కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. అంతమంది ఒకచోట చేరితే సిగ్నల్ ఉండదు, మెసేజ్ కూడా కదలదు. లోపలికి వెళ్ళగానే కలుసుకునే చోటు ఒకటి అనుకోండి, నంబరు రాసి ఉన్న గేటో పిల్లరో. "ఆ స్తంభం" అనుకోవద్దు. తను కూర్చుంటానంటే నువ్వూ కూర్చో. తను వెళ్ళిపోదామంటే, చివరి పాట మిగిలి ఉన్నా సరే, బయల్దేరు. తిట్టుకుంటూ కాదు, మామూలుగా.

ఇంకొకటి, ఇది భయంతో చెప్తున్నది కాదు. ఆ అమ్మాయికి వాళ్ళ పాటల్లో ఏది ప్రాణమో రైల్లోనే అడిగి తెలుసుకో. అది మొదలైనప్పుడు ఒక్కసారి స్టేజీ వదిలేసి తన మొహం చూడు. మీ చేతులకి కట్టే ఆ బ్యాండ్లు పాటని బట్టి రంగులు మారుతూ వెలుగుతాయట కదా, ఆ వెలుగులో చూడు. నా ఫ్రెండ్‌కి ప్రాణమైన పాట ఆ రాత్రి వాళ్ళు పాడారు. అప్పుడు వాడు ఎక్కడున్నాడో, విన్నాడో లేదో నాకు తెలీదు. ఆ చేతి బ్యాండ్లు గుర్తుగా ఇంటికి తెచ్చుకోకండి, వెళ్ళేటప్పుడు తిరిగి ఇచ్చేయాలి, మళ్ళీ వాడతారు.

ఆదివారం తీరిక ఉంటే సబర్మతి ఆశ్రమం చూడండి. 1930లో గాంధీగారు దండికి నడక మొదలుపెట్టింది అక్కడి నుంచే. రాత్రికి మాణెక్ చౌక్ వెళ్ళండి. పొద్దున కూరగాయలు, పగలు బంగారం అమ్మే చోట రాత్రి తిండి బండ్లు పెడతారు. బయటి చట్నీలు మాత్రం చూసి తిను, నీ కడుపు సంగతి నాకు తెలుసు. మీ అమ్మకి రోజుకి రెండుసార్లు ఫోన్ చెయ్యి. నేను ఒప్పిస్తాను గానీ, నువ్వు ఫోన్ ఎత్తకపోతే తిట్లు తినేది నేనే.

రేపు కొరియర్‌లో చిన్న పార్శిల్ వేస్తున్నాను. కందిపొడి, నీకిష్టమైన పప్పుచెక్కలు, చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు ఉంటాయి. ప్లగ్గులు చూసి విసుక్కోకు. మీ కోల్డ్‌ప్లేలో పాడే ఆ క్రిస్ మార్టిన్‌కే చెవుల్లో హోరు జబ్బు ఉంది, ఆయనే 2012లో చెప్పి, చెవులు కాపాడుకోమని పిల్లల్ని బతిమాలాడు. 100 డెసిబెల్స్ మోతలో చెవికి పావుగంట దాటితే మంచిది కాదంటారు, మీరుండేది రెండు గంటలు. మెయిడెన్ తర్వాత నా ఎడమ చెవి మూడు రోజులు గుయ్‌మంది. పెట్టుకున్నా పాట చక్కగానే వినపడుతుంది.

రెండు జతలు పెట్టాను. ఒకటి ఆ అమ్మాయికి.

మీ మావయ్య