వాడు కావాలనే తోశాడు సార్

అమ్మాయ్,

నీ కథ ‘చిన్న సైకో’ అందింది. మొదటిసారి రెండో పేజీలోనే పక్కన పడేశాను. ‘వాడి కళ్ళలో క్రూరత్వం తాండవించింది’ అట. ఎవరికి కనబడిందమ్మా? 12 ఏళ్ళ వాడి కళ్ళలో నిద్రమత్తు ఉంటుంది, ఆకలి ఉంటుంది. క్రూరత్వం మనం పెట్టేదే. ఆ పేరు కూడా మార్చు. 18 నిండని వాళ్ళకి సంఘవిరోధి వ్యక్తిత్వమన్న ముద్ర డాక్టర్లే వెయ్యరు, నువ్వెలా వేశావు?

మున్సిపల్ స్కూల్లో పాఠాలు చెప్పే రోజుల్లో నాకు ఆరో తరగతిలో ఒకడుండేవాడు. కుళాయి దగ్గర వెనకవాడి మోచెయ్యి తగిలిందని వాడి తల గోడకేసి కొట్టాడు. కుట్లు పడ్డాయి. ఎందుకురా అంటే, “వాడు కావాలనే తోశాడు సార్” అన్నాడు. అబద్ధమనుకుని బెత్తంతో రెండు తగిలించాను. కెన్నెత్ డాడ్జ్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1980లో ప్రచురించిన పరిశోధన గురించి ఎన్నో ఏళ్ళకి చదివాను. పిల్లలు సగం పేర్చిన పజిల్‌ని ఇంకో కుర్రాడు చెడగొట్టాడని నమ్మించి చూశాడాయన. కావాలని చేశాడంటే అందరూ మండిపడ్డారు. పొరపాటంటే తగ్గారు. ఏ సంగతీ తేలనప్పుడు మాత్రం, రోజూ కొట్లాడే పిల్లలు అది పగతో చేసిన పనే అన్నట్టు ప్రవర్తించారు. అంటే నావాడు అబద్ధమాడలేదు. వాడికి తగిలింది మోచెయ్యి కాదు, తోపు. ఆపైన నా బెత్తం. లోకమంతా తన మీదకే వస్తోందన్న వాడి లెక్కలో నేనూ ఒకటి కలిపాను.

నువ్వు రాయాల్సింది ఆ ఒక్క క్షణం. చెయ్యి లేవకముందు వాడికేం కనబడింది? నువ్వేమో దాన్ని దాటేసి, తాగుబోతు తండ్రి ఫ్లాష్‌బ్యాక్ పెట్టి చేతులు దులుపుకున్నావు. మరి ఆ తండ్రికే పుట్టిన చెల్లెలు నీ కథలో బుద్ధిగా ముగ్గేస్తోందే, దాని సంగతేంటి?

చివర్లో తల్లి ఒళ్ళో ఏడ్పించడం ఎవరు నేర్పారో నాకు తెలుసు. నా కథనీ ఒక సంపాదకుడు మూడుసార్లు తిప్పి పంపాడు, పిల్లాడు మారితేనే వేస్తానని. మార్చాను. వేశాడు. 75 రూపాయల మనీఆర్డర్ వచ్చింది. ఆ కథని ఏ సంపుటిలోనూ పెట్టుకోలేదు. ఇప్పటికీ ఆ సంచిక కనబడితే తిరగేసి పెడతాను.

ఇంకోటి, 12 ఏళ్ళ వాడికి జడ్జిగారు జైలుశిక్ష వెయ్యరు. 2015 చట్టం ప్రకారం వాడు వెళ్ళేది జువైనల్ జస్టిస్ బోర్డు ముందుకి. అక్కడ ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు. పెద్దవాళ్ళలా విచారించాలా అన్న ప్రశ్న వచ్చేది 16 నిండి, ఘోరమైన నేరం చేసినప్పుడే.

రాయి విసిరి పారిపోతూ, కొత్త చెప్పులకి బురదవుతుందని వాటిని చేత్తో పట్టుకుని పరిగెత్తాడని రాశావు చూడు, ఆ వాక్యం కోసమే మళ్ళీ తీసి చదివాను. ఎవరు కొట్టెయ్యమన్నా ఒప్పుకోకు.

మాస్టారు