టెక్ సందేహాలు: శత్రువు కళ్లెదుటే ఉన్నా మన నౌక ఎందుకు కాల్చదు?

ప్రశ్న: 'కమాండ్: మోడర్న్ ఆపరేషన్స్' అనే యుద్ధ వ్యూహాల కంప్యూటర్ గేమ్ ఆడుతుంటాను. అందులోని ఎడిటర్‌లో సొంతంగా ఒక సినారియో (యుద్ధ సన్నివేశం) తయారు చేశాను. కృష్ణపట్నం పోర్టుకు తూర్పున మన కోల్‌కతా తరగతి డిస్ట్రాయర్, దానికి 120 కిలోమీటర్ల దూరంలో శత్రు నౌక. మనవాళ్ల దగ్గర 16 బ్రహ్మోస్ క్షిపణులు ఉన్నా ఒక్కటీ వదలరు. చివరికి అవతలివాడే ముందు కొట్టి ముంచేస్తున్నాడు. గేమ్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా ఇదే వరస. ఇది బగ్గేనా?
- ఇంజినీరింగ్ విద్యార్థి, కావలి

జవాబు: బగ్ అయ్యే అవకాశం చాలా తక్కువ. మీరు ఎడిటర్‌లో ఉన్నారన్న ఒక్క మాటతోనే సగం సమాధానం దొరికింది. అందులో 'గాడ్స్ ఐ వ్యూ' అని ఒకటి ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే మ్యాప్ మీద ఉన్న ప్రతి నౌకా, ప్రతి విమానం మీకు కనిపిస్తాయి. చూస్తున్నది మీరు, మీ నౌక కాదు. ముందు దాన్ని ఆఫ్ చేసి, మీ పక్షం వైపు నుంచి మ్యాప్ చూడండి. శత్రు నౌక మాయమైతే, మీ డిస్ట్రాయర్‌కు అది అసలు కనపడనే లేదని అర్థం.

ఎందుకు కనపడదంటే భూమి గుండ్రం కాబట్టి. కృష్ణపట్నం నుంచి బయటికెళ్లే ఓడను ఒడ్డున నిలబడి చూడండి. ముందు దాని అడుగు భాగం మునిగినట్టు కనిపిస్తుంది, తర్వాత పై అంతస్తు, చివరికి మాస్ట్ కూడా పోతుంది. రాడార్‌కూ ఇదే ఇబ్బంది, కాస్త ఎక్కువ దూరం చూస్తుందంతే. లెక్క సులువే. రాడార్ ఎత్తుకూ, ఎదుటి నౌక ఎత్తుకూ మీటర్లలో వర్గమూలాలు తీసి, కలిపి, 4.12తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి. మన రాడార్ 25 మీటర్ల ఎత్తులో ఉందనుకుందాం, దాని వర్గమూలం 5. ఎదుటి నౌక 16 మీటర్లు, వర్గమూలం 4. మొత్తం 9. అంటే మామూలు వాతావరణంలో దాదాపు 37 కిలోమీటర్లు. మీరు పెట్టిన దూరం 120. బ్రహ్మోస్ 290 కిలోమీటర్లు పోగలదు, నిజమే. కానీ ఎక్కడికి పోవాలో చెప్పేవాళ్లు ఉండాలి కదా!

అందుకే నౌక మీదున్న హెలికాప్టర్‌ను లేపండి. 2,500 మీటర్ల ఎత్తుకు వెళ్తే వర్గమూలం 50. అదే లెక్కన చూపు 222 కిలోమీటర్ల దాకా సాగుతుంది. మీ శత్రువు అందులోకి వచ్చేస్తాడు, ఆ హెలికాప్టర్‌లో అంత దూరం పనిచేసే రాడార్ ఉంటే. ఇంకా మంచి మార్గం కావాలంటే అరక్కోణంలోని నౌకాదళ స్థావరం ఐఎన్ఎస్ రాజాలీ నుంచి ఒక పీ-8ఐ గస్తీ విమానాన్ని సినారియోలో చేర్చండి. అసలు నౌకాదళం ఆ విమానాలను అక్కడి నుంచి నడిపేది సముద్రం మీద కన్నేసి ఉంచడానికే.

కనపడిన తర్వాత రెండో చిక్కు, అది ఎవరో తెలియాలి. మీరు ఎంచుకున్న చోటు ఎలాంటిదో చూడండి. కృష్ణపట్నానికి బొగ్గు ఓడలు వస్తుంటాయి, జువ్వలదిన్నె వైపు నుంచి వేట పడవలు తిరుగుతుంటాయి. రాడార్ తెర మీద బొగ్గు ఓడా చుక్కే, డిస్ట్రాయరూ చుక్కే. ఆ చుక్క పసుపు రంగులో ఉంటే ఎవరో తెలియదని, ఎరుపైతే శత్రువని. ఎప్పుడు కాల్చాలో నౌకకు చెప్పే సెట్టింగ్ ఒకటుంది. అది 'వెపన్స్ టైట్'లో ఉంటే నౌక శత్రువని తేలినదాన్నే కొడుతుంది. 'వెపన్స్ హోల్డ్'లో ఉంటే తనంతట తాను దేన్నీ కొట్టదు. సొంత సినారియోల్లో చాలామంది మరిచిపోయేది ఇంకొకటి ఉంది. రెండు పక్షాలు తయారు చేసి, వాటి మధ్య వైఖరిని 'హాస్టైల్' (శత్రుత్వం)గా మార్చరు. అప్పుడు ఎదుటివాడు పక్కనుంచే వెళ్లినా మనవాళ్లు ఊరుకుంటారు. ఇదొకసారి చూసుకోండి.

ఇవన్నీ ఎందుకు, 'వెపన్స్ ఫ్రీ' పెట్టేస్తే పోలా అని చాలామంది సలహా ఇస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఫ్రీ అంటే మనవాడని తేలకపోతే చాలు, ఎవరో తెలియకపోయినా కొట్టొచ్చని. అప్పుడు మొదట మునిగేది బొగ్గు ఓడే. గేమ్ తయారు చేసినవాళ్లు ఈ నిబంధనలు ఊరికే పెట్టలేదు. 1987 మే 17న పర్షియన్ గల్ఫ్‌లో అమెరికా నౌక యూఎస్ఎస్ స్టార్క్ మీదికి ఇరాక్ విమానం రెండు ఎక్సోసెట్ క్షిపణులు వదిలింది. స్టార్క్ ఒక్క గుండూ కాల్చలేదు, 37 మంది నావికులు చనిపోయారు. మరుసటి ఏడాది జులై 3న అదే ప్రాంతంలో యూఎస్ఎస్ విన్సెన్స్ ఒక ప్రయాణికుల విమానాన్ని యుద్ధవిమానం అనుకుని కూల్చేసింది. ఇరాన్ ఎయిర్ 655లో ఉన్న 290 మందీ చనిపోయారు. ఒక నౌక కాల్చాల్సినప్పుడు కాల్చలేదు, ఇంకొకటి కాల్చకూడని చోట కాల్చింది. మీ సెట్టింగ్స్‌లో ఉన్న హోల్డ్, టైట్, ఫ్రీ అనే ఆ మూడు మాటల మధ్య నిజమైన కెప్టెన్లు పడే టెన్షన్ ఇదే. నాకైతే ఈ గేమ్‌లో అన్నిటికన్నా విలువైన భాగం ఇదే అనిపిస్తుంది.

కనపడింది, శత్రువని తేలింది, అయినా కాల్చడం లేదంటే నౌక ఎలా నడుచుకోవాలో నిర్ణయించే 'డాక్ట్రిన్' సెట్టింగ్స్‌లో 'డబ్ల్యూఆర్ఏ' (ఆయుధాలు వదిలే అనుమతులు) ట్యాబ్ తెరవండి. ఏ ఆయుధం, ఎలాంటి లక్ష్యం మీద, ఎంత దూరం లోపల, ఒక్కో విడతకు ఎన్ని అన్నది అక్కడ ఉంటుంది. బ్రహ్మోస్‌ను ఆటోమేటిక్‌గా కాల్చొద్దని అక్కడ ఉంటే నౌక కాల్చదు. అన్నిటికన్నా దగ్గరి దారి: లక్ష్యాన్ని ఎంచుకుని షిఫ్ట్, ఎఫ్1 నొక్కి ఆయుధాన్ని మీరే కేటాయించి చూడండి. కుదరకపోతే ఎందుకు కుదరదో ఆ విండోలోనే రాసి ఉంటుంది. దూరం చాలదనో, లక్ష్యం ఉన్న చోటు కచ్చితంగా తెలియదనో. ఊహాగానాలు మాని ముందు అది చదవండి.

ప్రశ్న: దొరికిపోతామని రాడార్ ఆపేసి ఆడుతున్నాను. శత్రువు ఉన్న దిక్కు తెలుస్తోంది, మిసైల్ మాత్రం పోవడం లేదు. రాడార్ ఆన్ చేస్తే వెంటనే నా మీదికి దాడి. ఏం చేయాలి?
- ఒంగోలు పాఠకుడు

జవాబు: మీ నౌక అవతలివాడి రాడార్ సంకేతాలను వింటోంది. దాంతో దిక్కు తెలుస్తుంది, దూరం తెలియదు. అందుకే మ్యాప్ మీద అతని చోటు పొడుగాటి ముక్కలా కనిపిస్తుంది. ఆ ముక్క చిన్నదయ్యేదాకా ఆటోమేటిక్ దాడి మొదలుకాదు. ఇంకో నౌకను పక్కకు దూరంగా పంపండి, రెండు చోట్ల నుంచి గీసిన దిక్కులు కలిసే చోటే శత్రువు. రాడార్ తప్పదనుకుంటే నౌకది వద్దు, దూరంగా ఎగిరే హెలికాప్టర్‌ది ఆన్ చేయండి. సంకేతం వెళ్లి, తగిలి, తిరిగి రావాలి కాబట్టి రాడార్ చూసే దూరం కన్నా అది దొరికిపోయే దూరమే ఎక్కువ.

అలాగని పూర్తిగా గుడ్డిగా ఉన్నా ముప్పే. 1982 మే 4న ఫాక్‌లాండ్స్ యుద్ధంలో బ్రిటన్ నౌక హెచ్ఎంఎస్ షెఫీల్డ్ అప్పుడే ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపుతోంది. ఆ ప్రసారం వల్ల శత్రు రాడార్లను పసిగట్టే దాని పరికరం పనిచేయలేదు. వచ్చిన ఎక్సోసెట్‌ను ఆపే ప్రయత్నమే జరగలేదు, 20 మంది పోయారు.

ప్రశ్న: పెద్ద సినారియోల్లో ల్యాప్‌టాప్ నత్తనడక నడుస్తోంది. గ్రాఫిక్స్ కార్డు ఉన్నది కొనాలా?
- కోవూరు పాఠకుడు

జవాబు: కొనకండి. ఈ తరహా ఆటలో బొమ్మల కన్నా లెక్కలు ఎక్కువ, బరువంతా ప్రాసెసర్ మీదే. టైమ్ కంప్రెషన్ (గేమ్‌లో కాలం పరిగెత్తే వేగం) తగ్గించండి, పనిలేని వాణిజ్య ఓడలను, విమానాలను సినారియోలోంచి కొన్ని తీసేయండి. ఛార్జర్ పెట్టుకునే ఆడండి. బ్యాటరీ మీద చాలా ల్యాప్‌టాప్‌లు ప్రాసెసర్ వేగాన్ని తగ్గించేస్తాయి.