అల్లుడూ, జిగురు డబ్బా మూత తీసే ముందు

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

రాజోలు దగ్గర కాలువ వంతెన ఇనుప గర్డర్లకు, అంటే దూలాలకు, పైన నడిచే ఫైబర్ డెక్ పలకల్ని బోల్టుల్లేకుండా జిగురుతోనే అతికించే పని నీకిచ్చారట. "జిగురు మీద జనం ఎలా నడుస్తారు?" అని మీ అమ్మకి ఒకటే టెన్షన్. నడవడమేంటి, జర్మనీలో ఫ్రీడ్‌బెర్గ్ దగ్గర 2008లో ఇలాగే అతికించి, 27 మీటర్ల వంతెన బండ్ల కోసమే కట్టారని చెప్పు.

డబ్బా మీద రాసిన బలం నీ వంతెనకి వస్తుందా రాదా అన్నది ఇనుము శుభ్రాన్ని బట్టే. గర్డర్ పై ఫ్లాంజిని, అంటే పలక కూర్చునే పైపట్టీని, ముందు అసిటోన్‌తో తుడిపించు, ఆ తర్వాతే గ్రిట్ బ్లాస్టింగ్, అంటే గాలి ఒత్తిడితో గరుకు రవ్వ కొట్టి తుప్పు వదిలించడం. వరుస తిరగేస్తే ఉన్న జిడ్డునే ఇనుము గరుకులోకి కొట్టినట్టవుతుంది. వైర్ బ్రష్‌తో నాలుగు రుద్దులు రుద్ది "అయిపోయింది సార్" అంటారు, ఒప్పుకోకు. ఎస్‌ఏ 2½ గ్రేడు, అంటే తుప్పంతా పోయి ఇనుము దాదాపు తెల్లగా తేలే శుభ్రం, రావాల్సిందే. మన తేమకి బ్లాస్ట్ చేసిన ఇనుము గంటల్లోనే ఎర్రబడుతుంది, అంతర్వేది వైపు ఉప్పుగాలి సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ పూట అతికించేంత మేరే బ్లాస్ట్ చేయించు.

కాలువలకి నీళ్లు కట్టేసే వేసవిలోనే కదా నీకు పని. తెల్లారగట్ల చల్లగా ఉందని మొదలెట్టేస్తావేమో, అసలు చిక్కు అప్పుడే. గాలి 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉంటే డ్యూ పాయింట్, అంటే గాలిలో తేమ నీరై పట్టే వేడి, 26 దగ్గరుంటుంది. ఇనుము దానికంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. రాత్రంతా చల్లారిన గర్డర్ 28 చూపిస్తే ఆగు. చేత్తో తడిమి చూస్తే ఆ చెమ్మ తెలీదు, థర్మామీటరు పెట్టాలి. పొద్దెక్కాక ఇంకో తంటా: వేడి 10 డిగ్రీలు పెరిగితే కలిపిన ఎపాక్సీ, అంటే రెసిన్‌లో గట్టిపరిచే హార్డెనర్ కలిపిన ఈ జిగురు, ఇంచుమించు సగం టైములోనే బిగుసుకుంటుంది. బకెట్‌లో కుప్పగా ఉంటే తన వేడికి తనే గట్టిపడుతుంది. డబ్బాలు నీడన పెట్టించి, కొద్దికొద్దిగా కలిపించు. "త్వరగా ఆరుతుంది, హార్డెనర్ ఇంకో గరిటె వేద్దాం సార్" అనే మేస్త్రి ప్రతి సైటులోనూ ఉంటాడు. పులుసులో ఉప్పు కాదది, కాటా మీద తూచాల్సిందే.

జిగురు మందం అంతటా ఒకేలా ఉండేట్టు మధ్యలో స్పేసర్లు, అంటే ఒకే మందం బిళ్లలు, పెట్టు. గట్టిగా నొక్కేసి మొత్తం బయటికి పిండెయ్యకండి. జిగురు పక్కకి జారే బరువుని బాగా ఓర్చుకుంటుంది, చివర్లు పైకి లేచే లాగుడికి మాత్రం తట్టుకోలేదు. అందుకే పలక చివర్లలో కాస్త కూడా ఖాళీ కనపడకూడదు, ఆరేదాకా అక్కడ జాకీ పెట్టనివ్వకు. ఇంకోటి, మామూలు ఎపాక్సీల్లో చాలావాటికి 50, 60 డిగ్రీల దగ్గరే మెత్తదనం మొదలవుతుంది. మే నెల ఎండలో ఇనుము ఎంత కాలుతుందో నీకు తెలుసు. కంపెనీవాడిని ఆ అంకె అడిగి కాగితం మీద రాయించుకో.

అదే రోజు, అదే జిగురుతో ఇనుప ముక్క మీద డాలీలు, అంటే లాగి పరీక్షించే చిన్న లోహపు బిళ్లలు, అతికించి, ఆరాక లాగించు. ఎంత బలానికి ఊడిందన్నదొక్కటే చూడకు, ఎక్కడ ఊడిందో చూడు. జిగురే మధ్యలో చీలి రెండు వైపులా ఉండిపోతే మంచిదే. ఇనుము ఉత్తదిగా తేలిందా, అంకె ఎంత బాగున్నా ఆ రోజు వేసిన పలకల్ని పాస్ చెయ్యకు, బిల్లు ఆగినా సరే. ఊడిన డాలీల ఫోటోలు నాకు వాట్సాప్ చెయ్యి.

మీ మావయ్య