పట్టాలు పోయిన దారుల్లో సైకిలు: ఇంగ్లండు పల్లెల గురించి పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: ఈ వేసవి సెలవుల్లో తొమ్మిదేళ్ళ, పన్నెండేళ్ళ పిల్లలతో కలిసి వారం రోజుల పాటు కార్లు తిరగని దారుల్లోనే సైకిళ్ళ మీద ఇంగ్లండు పల్లెలు చూడాలని అనుకుంటున్నాము. నేషనల్ సైకిల్ నెట్‌వర్క్‌లో నంబరు ఉన్న దారి ఏదో ఒకటి పట్టుకుంటే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, రెడింగ్

జవాబు: సరిపోదు. నీలిరంగు బోర్డు మీద ఎర్రని గడిలో తెల్లని అంకె కనబడితే అది నెట్‌వర్కులోని దారి అని అర్థమే గాని, అక్కడ కార్లు తిరగవని కాదు. 2018లో జరిగిన సమీక్షలో ఈ నెట్‌వర్కు మొత్తంలో సుమారు మూడో వంతు మాత్రమే వాహనాలు లేనిదని తేలింది. అపాయకరమనిపించిన రోడ్డు భాగాలను 2020లో చాలావరకు జాబితా నుంచి తొలగించారు కూడా. కాబట్టి వారం పొడుగునా ఒక్క కారూ ఎదురుపడకుండా ఊరి నుంచి ఊరికి సాగిపోయే దారి కోసం వెతకడం మానుకొని, ఒకచోట బస చేసి, చుట్టుపక్కల దారుల్లో రోజుకొకదాన్ని చూడటం మంచిదని నా సలహా.

పిల్లలున్నారు కనుక ఇంగ్లండు నడుమ ఉన్న కొండల ప్రాంతం పీక్ డిస్ట్రిక్టును ఎంచుకోండి. అక్కడి సైకిలు దారులు (ట్రెయిల్స్) పట్టాలు తీసేసిన పాత రైలు మార్గాల మీద వేసినవి. ఆష్‌బోర్న్ నుంచి పార్‌స్లీ హే వరకు 13 మైళ్ళ టిస్సింగ్టన్ ట్రెయిల్, అక్కడ దానితో కలిసే 17 మైళ్ళ హై పీక్ ట్రెయిల్, బేక్‌వెల్ పక్క నుంచి సాగే 8.5 మైళ్ళ మాన్సల్ ట్రెయిల్ – మూడింటినీ ఒకే బస నుంచి చూడవచ్చు. టిస్సింగ్టన్ దారి ఆష్‌బోర్న్ నుంచి ఉత్తరానికి సన్నగా ఎక్కుతూనే ఉంటుంది. ఆ ఎత్తు కళ్ళకు తెలియదు గాని కాళ్ళకు తెలుస్తుంది. అందుకని ఆష్‌బోర్న్‌లోనే మొదలుపెట్టండి. అలసిపోయిన పిల్లలకు తిరుగు ప్రయాణం పల్లంలో సాగుతుంది. ఆష్‌బోర్న్‌లోనూ పార్‌స్లీ హేలోనూ సైకిళ్ళు అద్దెకు దొరుకుతాయి.

అయితే పిల్లలకు పెద్దయ్యాక కూడా గుర్తుండేది మాన్సల్ దారే. అక్కడి నాలుగు పాత రైలు సొరంగాలను 2011లో జనానికి తెరిచారు. ఒక్కొక్కటీ దాదాపు 400 మీటర్ల పొడవుంటుంది. జూలై నెలలో కూడా లోపలికి అడుగుపెట్టగానే చలి తగులుతుంది, పైకప్పు నుంచి నీటిచుక్కలు మెడ మీద పడతాయి, పిల్లలు పెట్టిన కేక మసిబారిన గోడలకు తగిలి తిరిగి వస్తుంది. హెడ్‌స్టోన్ సొరంగం దాటి వెలుతురులోకి వచ్చీ రాగానే వై నది మీది రాతి వంతెన ఎక్కేస్తాము. ఇక్కడికి రైలు వచ్చిన రోజుల్లో అందమైన లోయను పాడుచేశారని రచయిత జాన్ రస్కిన్ మండిపడ్డారు. ఇప్పుడేమో ఆ లోయకు వచ్చినవారు మొట్టమొదట ఫోటో తీసుకునేది ఆ వంతెననే. సొరంగాల్లో దీపాలు పగటివేళ మాత్రమే వెలుగుతాయి కనుక ఆలస్యమయ్యేట్టుంటే సైకిలు లైట్లు వెంట ఉంచుకోండి.

ప్రశ్న: నాకు 58 ఏళ్ళు. మోకాళ్ళు అంతంతమాత్రం. ఇంగ్లండు పల్లెల్లో రోడ్లన్నీ ఎత్తుపల్లాలే గదా, పాత రైలు మార్గాల మీది సైకిలు దారులు మాత్రం చదునుగా ఉంటాయంటారు, అదెలా?
– ఒక పాఠకుడు, లెస్టర్

జవాబు: చదును చేసిన ఘనత సైకిలు దారులు వేసినవారిది కాదు, నూటయాభై ఏళ్ళ క్రితం రైలుకట్టలు పోసిన కూలీలది. ఇనుప పట్టా మీద ఇనుప చక్రానికి పట్టు తక్కువ. వాలు కాస్త ఎక్కువైతే ఇంజను చక్రం ఉన్నచోటే తిరుగుతుంది. యాభై అడుగుల దూరానికి ఒక అడుగు ఎత్తు వచ్చినా రైలుకు అది గట్టి ఎక్కుడు కిందే లెక్క. అందుకే గుట్ట అడ్డొస్తే తొలిచారు, పల్లం అడ్డొస్తే కట్ట పోశారు, వాగు అడ్డొస్తే వంతెన కట్టారు. బ్రిటిష్ రైల్వేల ఛైర్మన్ రిచర్డ్ బీచింగ్ 1963లో ఇచ్చిన నివేదిక తర్వాత, నష్టాల పేరుతో పల్లె మార్గాలు ఒకదాని వెంట ఒకటి మూతపడ్డాయి. పట్టాలు పీకేశారు గాని కట్టలు, సొరంగాలు చాలాచోట్ల మిగిలాయి. బ్రిస్టల్‌లోని సైకిలు ప్రియులు 1979 నుంచి 1986 వరకు చాలావరకు స్వచ్ఛంద శ్రమతోనే అలాంటి ఒక మార్గాన్ని బాత్ నగరం దాకా 13 మైళ్ళ సైకిలు దారిగా మార్చారు. మిగతా దేశానికి దారి చూపింది అదే.

మీ మోకాళ్ళ కోసం మూడు హెచ్చరికలు చేయాలి. హై పీక్ దారిలో మిడిల్టన్ టాప్ దగ్గర వాలు ఎనిమిదింట ఒకటి. అక్కడ బండ్లను లాగింది రైలింజను కాదు, పైన నిలబెట్టిన ఆవిరి యంత్రానికి కట్టిన తాడు. కనుక మిడిల్టన్ టాప్ నుంచి వెనక్కి తిరిగితే చాలు, క్రామ్‌ఫర్డ్ వైపు దిగవద్దు. స్కార్‌బరో నుంచి విట్‌బీ వరకు సముద్రం పక్కనే సాగే 21 మైళ్ళ సిండర్ ట్రాక్ చూడచక్కనిది, కానీ రావెన్‌స్కార్ చేరేదాకా అదేపనిగా ఎక్కాలి, పైగా నేల గరుకు. మూడోది, ఏ దారిలోనైనా పాత వంతెనను తీసేసినచోట బాట ఉన్నట్టుండి రోడ్డు మట్టానికి దిగి, మళ్ళీ నిటారుగా ఎక్కుతుంది. అలాంటిచోట సైకిలు దిగి నడిపించుకుపోవడంలో నామోషీ ఏమీ లేదు.

ప్రశ్న: కాలువగట్ల మీద సైకిలు తొక్కడానికి అనుమతిపత్రం కావాలా? కెన్నెట్ అండ్ ఏవన్ కాలువ వెంట రెడింగ్ నుంచి బాత్ వరకు వెళ్ళవచ్చునా?
– ఒక పాఠకుడు, స్విండన్

జవాబు: అనుమతిపత్రం అక్కరలేదు. కానీ గట్టు మీద ముందు హక్కు నడిచేవారిది. వంతెన కింద బాట సన్నబడి, ఒకపక్క రాతి వంపు, ఇంకోపక్క నీళ్ళు ఉంటాయి. ఎదుటి మనిషి కనబడడు కనుక బెల్లు కొట్టి, వేగం తగ్గించి, అవసరమైతే దిగి దాటాలి. పాత వంతెనల అంచుల్లో వేలు పట్టేంత లోతు గాడులు కనబడితే ఒక్క నిమిషం ఆగి చూడండి. పడవలను గుర్రాలు లాగిన కాలంలో తడి తాళ్ళు ఒరుసుకొని ఆ రాతిని కోసేశాయి.

రెడింగ్ నుంచి మొత్తం దారి మాత్రం నేను సిఫారసు చేయను. డివైజెస్‌కు తూర్పున గట్టు చాలాచోట్ల గడ్డి బాటే. వాన పడితే చక్రం దిగబడుతుంది. బాత్ నుంచి డివైజెస్ వరకు ఉన్న భాగం బాగుంటుంది. డండస్, ఏవన్‌క్లిఫ్ దగ్గర కాలువ నదిని వంతెన మీదుగా దాటుతుంది. కింద నది, పైన పడవ, పడవ పక్కన మీరు. చివర కేన్ హిల్ దగ్గర 29 లాకులు ఉన్నాయి, వాటిలో 16 ఒకే వాలులో మెట్లలాగా పేర్చి ఉంటాయి. బాత్‌లో ఒక పూట మిగిలితే 2013లో తెరిచిన టూ టనెల్స్ దారికి వెళ్ళండి. కూమ్ డౌన్ సొరంగం ఒక్కటే 1,672 మీటర్లు.

ప్రశ్న: పొలాల మధ్య బోర్డు ఉన్న బాటలో సైకిలు తొక్కుతుంటే ఒక రైతు ఆపి మందలించాడు. బాట అందరిదీ కాదా?
– ఒక పాఠకురాలు, యార్క్

జవాబు: రైతు చెప్పిందే సరైనది కావచ్చు. పసుపు బాణం ఉన్నది నడిచేవారి బాట. అందులో సైకిలు తొక్కే హక్కు లేదు. నీలి బాణం ఉన్న గుర్రపు బాటలో 1968 నాటి చట్టం ప్రకారం సైకిలుకు హక్కు ఉంది, అయితే నడిచేవారికీ గుర్రాలకూ దారి ఇవ్వాలి. గుర్రం వెనకగా వెళ్ళి బెల్లు కొట్టకండి, అది బెదురుతుంది. దూరం నుంచే గొంతెత్తి పలకరించి, రౌతు సైగ చేశాక మెల్లగా దాటండి.

ప్రశ్న: సామాను సంచులు కట్టుకొని, కార్లు తిరగని దారుల్లో రెండు మూడు రోజుల యాత్ర చేయాలని ఉంది. రైలులో సైకిలు ఎక్కించుకుంటారా? ఎక్కడికి, ఎప్పుడు వెళ్ళమంటారు?
– ఒక పాఠకుడు, బర్మింగ్‌హామ్

జవాబు: సైకిలుకు వేరే టికెట్టు లేదు. దూరప్రాంత రైళ్ళలో చాలావాటికి సైకిలు చోటును ముందే రిజర్వు చేసుకోవాలి, ఆఫీసు వేళల్లో కొన్ని రైళ్ళలో అసలు ఎక్కనివ్వరు. మడతపెట్టే సైకిలుకు ఈ తంటా ఉండదు.

ఉత్తర ఇంగ్లండులో పడమటి తీరం నుంచి తూర్పు తీరం దాకా సాగే, పేరుమోసిన సీ టు సీ యాత్ర 140 మైళ్ళది. కెజిక్ నుంచి త్రెల్‌కెల్డ్ వరకు, కాన్‌సెట్ నుంచి సండర్లాండ్ వైపు పాత రైలు దారులున్నా, నడుమ 580 మీటర్ల ఎత్తైన హార్ట్‌సైడ్ కనుమను రోడ్డు మీదే ఎక్కాలి. మీరు కోరినది అది కాదు. ఉత్తర డెవన్‌లో బ్రాంటన్ నుంచి మీత్ వరకు ముప్పై మైళ్ళ పైచిలుకు టార్కా ట్రెయిల్ దాదాపు అంతా వాహనాలు లేనిదే. దారి మధ్యలోని బార్న్‌స్టపుల్‌కు రైలుంది. ఇన్‌స్టోలో పాత సిగ్నల్ గది, బిడిఫర్డ్ దాటాక టారిడ్జ్ నది మీది రైలు వంతెనలు చూస్తూ మొదటి రాత్రి గ్రేట్ టారింగ్టన్‌లో ఆగవచ్చు. టైరు వెడల్పు 35 మిల్లీమీటర్లకు తక్కువ కాకుండా చూసుకోండి.

నెల విషయానికి వస్తే నా ఓటు మే నెలకు. ఆగస్టులో కాన్వాల్‌లోని క్యామెల్ ట్రెయిల్ వంటి చోట్ల పాడ్‌స్టో, వేడ్‌బ్రిడ్జ్ మధ్య తిరనాళ్ళే. పొలం కంచెలను మార్చి 1 నుంచి ఆగస్టు 31 వరకు నరకకూడదు కనుక సెప్టెంబరు రాగానే రైతులు వాటిని ఒక్కసారిగా కత్తిరిస్తారు. ఆ కంచెల్లోని హాథార్న్ పొదల ముళ్ళు బాటంతా పడతాయి. అవి తుమ్మముళ్ళంత ఉండవు గాని, టైరులోకి దిగడానికి ఆ మాత్రం చాలు. మేలో వెళ్ళినా రెండు ట్యూబులు వెంట పెట్టుకోండి. ఇన్‌స్టో చేరేరోజు సముద్రపు పోటు వేళ కూడా చూసుకొని బయలుదేరండి. ఆటు సమయంలో అక్కడ కనబడేది బురదలో ఒరిగిన పడవలే, పోటు వచ్చేసరికి అవే పడవలు తేలి, నీరు మీ బాట పక్క గోడదాకా వచ్చేస్తుంది.