‘తల్లిదండ్రులే వారసులు’ అనవచ్చా?

సందేహం: పెళ్లికాని పదహారేళ్ల కుర్రవాడు వీలునామా రాయకుండా చనిపోయాడు. అమ్మమ్మ రాసిచ్చిన స్థలం అతని పేరున ఉంది. దరఖాస్తులో ‘తల్లిదండ్రులే వారసులు’ అని రాస్తే లాయరుగారు కొట్టేసి ‘తల్లి’ అని దిద్దారు. ద్వంద్వ సమాసంలో ఇద్దరికీ సమ ప్రాధాన్యం కదా?
– ఒక పాఠకుడు, తెనాలి

సమాధానం: ముందు ఒక చిన్న మందలింపు. మైనరు ‘వీలునామా రాయకుండా’ పోయాడనడమేమిటండీ? పద్దెనిమిది నిండనివాడు రాసినా అది చెల్లదు. వార్తల్లో ఈ మాట చూసినప్పుడల్లా నాకు చిరాకు.

సమాసానికి వద్దాం. ఈ తగవు మీతో మొదలైంది కాదు. కొడుకులు లేనివాడి ఆస్తి ఎవరికన్న చోట స్మృతికారుడు యాజ్ఞవల్క్యుడు భార్య, కూతుళ్ల తర్వాత ‘పితరౌ’ అన్నాడు. రెండు పదాల్లో ఒకటే మిగిలి రెండింటినీ చెప్పే ఏకశేషమిది, అమ్మా నాన్నా ఇద్దరూ అందులోనే ఉన్నారు. మరి ముందెవరు? కల్యాణి చాళుక్యుల కాలపు విజ్ఞానేశ్వరుడు ఆ స్మృతికి తాను రాసిన వ్యాఖ్య మితాక్షరలో దీన్ని వ్యాకరణంతోనే తేల్చాడు. విగ్రహవాక్యంలో ‘మాతా’ ముందు, ‘పితా’ తర్వాత; కాబట్టి ఆస్తీ ముందు తల్లికే. పైగా తండ్రికి వేరే భార్యల బిడ్డలూ ఉండవచ్చు, తల్లికి అలా కాదు గనుక ఆమే దగ్గర అన్నాడు. బెంగాలులో చెల్లిన వారసత్వ గ్రంథం ‘దాయభాగం’ వారు ఒప్పుకోలేదు, తండ్రికే ముందు పీట వేశారు.

మన అదృష్టం చూడండి. ఆ మితాక్షరను 13వ శతాబ్దంలో ‘విజ్ఞానేశ్వరము’గా తెలుగు చేసినవాడు కేతన. తెలుగులో తొలి వ్యాకరణం ‘ఆంధ్రభాషాభూషణము’ కూడా ఆయనదే. సమాసమూ ఆస్తి పంపకమూ ఒకే ఘంటం కింద నడిచిన రోజులవి! ఇప్పుడు భాష తెలిసినవారు చట్టం ముట్టరు, చట్టం తెలిసినవారు ‘పేరెంట్స్’ అని ఊరుకుంటారు. ఆ మాటలో ముందూ లేదు, వెనకా లేదు. మన అమ్మానాన్నల్లో, అత్తమామల్లో, ఆలుమగల్లో ఆడవారే ముందు. ‘మొగుడూ పెళ్లాలు’ ఉందిగా అంటారేమో, ఉంది, కాదనను.

1956 హిందూ వారసత్వ చట్టంలోనూ మగవాడి ఆస్తికి తల్లి మొదటి తరగతి వారసురాలు, తండ్రి రెండో తరగతి. భార్యాబిడ్డలు లేని కుర్రవాడి స్థలం మొత్తం తల్లికే. ఆమె లేకపోతేనే తండ్రికి. లాయరుగారి దిద్దుబాటు సరైనదే.

చనిపోయింది పెళ్లికాని అమ్మాయైతే మీ సమాసం అక్షరాలా చెల్లేది. అక్కడ తల్లీ తండ్రీ కలిసే వారసులు. అయితే ఆ ఆస్తి అమ్మ నుంచో నాన్న నుంచో ఆమెకు వారసత్వంగా వచ్చినదైతే, తండ్రి వారసులకు పోతుంది. క్రైస్తవులకు వర్తించే 1925 భారత వారసత్వ చట్టంలో తండ్రి బతికి ఉంటే తండ్రికే. ముస్లింలకు వాటాల లెక్క వేరు.

మాటగా ‘తల్లిదండ్రులే వారసులు’లో తప్పు లేదు. దరఖాస్తులో మాత్రం చనిపోయింది అబ్బాయా అమ్మాయా, ఏ మతం, ఆస్తి ఎటునుంచి వచ్చింది అన్నవి చూశాకే ఆ సమాసం వాడండి. ఉమ్మడి ఆస్తిలో వాటా ఏదైనా కలిసి ఉంటే నా దగ్గరికి కాదు, మళ్లీ ఆ లాయరుగారి దగ్గరికే వెళ్లండి.