పంచే ముందు పొయ్యిలు చూడు

బిడ్డా,

ఊళ్లో లేనివాళ్లకు సరుకులు పంచే సంఘం పెడుతున్నారని, బియ్యం బస్తాలకు చందాలు కూడా మొదలయ్యాయని ఫోన్లో చెప్పావు. సంతోషం. బస్తాలు మాత్రం కాస్త ఆగనీ. ఎవరింట్లో పూటకు పొయ్యి వెలగడం లేదో ముందు తెలుసుకో. నిజంగా లేనివాళ్లు వచ్చి వరుసలో నిలబడరు.

అది సర్పంచిని అడిగితే తేలదు. పావుకిలో నూనె కొనే ఇల్లు చిన్న పొట్లానికి ఎప్పుడు దిగిందో కిరాణా కొట్టాయనకు తెలుసు. అంగన్‌వాడీ ఆయమ్మకు తెలుసు. ఒక్కో వాడ నుంచి ఇద్దరేసి ఆడవాళ్లను కూర్చోబెట్టి జాబితా రాయించు. జహీరాబాద్ దిక్కు దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు 1990లలో జొన్నల నిధి పెట్టినప్పుడు ఎవరు పేద, ఎవరు మరీ పేద అన్నది ఊరివాళ్లే తేల్చుకున్నారు. పడావు భూములు సాగు చేయించి, రైతుకిచ్చిన పెట్టుబడిని గింజల్లో వసూలు చేసి, ఊళ్లోనే దాచి, లేనివాళ్లకు చౌకగా అమ్మారు.

జాబితా కాగానే ఇంటింటికీ వెళ్లి రేషన్ కార్డులు చూడు. అసలు పని అక్కడుంది. మామూలు కార్డు మీద మన తెలంగాణలో మనిషికి నెలకు 6 కిలోలు. అదే మరీ పేద ఇళ్లకిచ్చే అంత్యోదయ కార్డయితే ఇంట్లో ఒక్కరే ఉన్నా 35 కిలోలు. ఆ కార్డులకు పరిమితి ఉంది, తొందరగా దొరకవు. అయినా ఒంటరి ముసలమ్మల చేత అర్జీ పెట్టించు, ఎమ్మార్వో ఆఫీసుకు నువ్వే వెంట వెళ్లు. పత్తి ఏరీ ఏరీ వేళ్లు అరిగినవాళ్లకు మిషన్ మీద ముద్ర పడదు, డీలర్ రేపు రమ్మంటాడు. కనుపాప మిషన్ పెట్టమని గట్టిగా అడుగు. కోడలి పేరు ఇంకా పుట్టింటి కార్డులోనే ఉందేమో చూడు. వలస పోయినవాళ్లు మన రాష్ట్రంలో ఎక్కడున్నా తమ రేషన్ కార్డు మీదే బియ్యం తీసుకోవచ్చు. ఈ సంగతి చాలామందికి తెలియదు.

కార్డు సరిగా ఉంటే బియ్యం అక్కడే వస్తాయి, కాబట్టి చందా డబ్బు బియ్యం మీద పోయకండి. ఇంట్లో లేనిది పప్పు, నూనె, కారం, చింతపండు. సంక్రాంతి ముందు కంది కోతలయ్యాక ఇంటికి రెండేసి మానికల కందులు అడగండి, కల్లం దగ్గర ఎవరూ లేదనరు. కందులు గుండుగా దాస్తే పురుగు పడుతుంది. ఎర్రమట్టి పట్టించి, ఎండబెట్టి, పప్పు చేయించే దాయాలి. పంటికింద పెడితే టక్కున విరగాలి, అప్పటిదాకా ఎండనివ్వండి. డబ్బాలు గోడకు ఆనించకుండా చెక్కల మీద పెట్టండి. గదికి రెండు తాళాలు, తాళంచెవులు వేర్వేరు వాడల ఆడవాళ్ల దగ్గర. ఇంట్లో గింజలు అడుగంటేది ఆషాఢ శ్రావణాల్లో. సరుకు అప్పుడు తీయండి, దసరాకు కాదు.

ఇచ్చేటప్పుడు చేబదులుగా ఇవ్వండి. పంటొచ్చాక తిరిగి పోయగలిగినవాళ్లు పోస్తారు, పోయలేనివాళ్లను ఎవరూ అడగొద్దు. పళ్లు లేని ముసలివాళ్లకు పప్పు ఇచ్చి చేతులు దులుపుకోకు, పక్కింటివాళ్లు వండిపెట్టే ఏర్పాటు చెయ్యి. ఫొటోలు, ఫ్లెక్సీలు వద్దు. ఫొటో లేనిదే చందా ఇవ్వనన్న పెద్దమనిషి ఒకాయన తప్పకుండా వస్తాడు, ఆయనకు టీ ఇచ్చి పంపించు.

కందులు ఎండబెట్టే రోజు కబురు పెట్టు, చేట తెచ్చుకుని వస్తా.

మీ పెద్దమ్మ